కెన్నీ వాషింగ్టన్: దర్వాజా తెరుచుకునేసరికి మోకాళ్లు అరిగిపోయాయి

1939 డిసెంబర్ 9. ఆ రోజు లాస్ ఏంజెలెస్‌లోని కొలీజియం స్టేడియంలో లక్షా మూడు వేల మందికి పైగా జనం ఒక కాలేజీ మ్యాచ్ చూడ్డానికి వచ్చారు. ఆట ముగియడానికి కొన్ని సెకన్ల ముందు 13వ నంబర్ జెర్సీ వేసుకున్న నల్లజాతి కుర్రాడు మైదానం వదిలి బయటికి నడిచాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

సరిగ్గా అదే రోజు, అక్కడికి దాదాపు మూడు వేల కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్వాకీ నగరంలో ఒక హోటల్‌లో ఎన్ఎఫ్ఎల్ టీమ్‌ల యజమానులు కూర్చున్నారు. కాలేజీ చదువు ముగిస్తున్న ఆటగాళ్లలో ఎవరు ఏ టీంకి అని పంచుకునే రోజు అది. పది టీమ్‌లు కలిసి 200 మంది పేర్లు రాసుకున్నాయి. ఆ 200లో 13వ నంబర్ కుర్రాడు లేడు.

ఆ కుర్రాడి పేరు కెన్నీ వాషింగ్టన్. పరుగు, పాస్ రెండూ కలిపి ఆ ఏడాది దేశంలోని కాలేజీ ఆటగాళ్లందరిలో ఎక్కువ దూరం సాధించింది అతనే. మొత్తం 1,370 గజాలు. మరి ఎందుకు తీసుకోలేదు? జవాబు అందరికీ తెలుసు, ఎవరూ కాగితం మీద రాయలేదు. అతని రంగు.

ముందుగా ఈ ఆట గురించి రెండు మాటలు. హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది. అమెరికాలో ఫుట్‌బాల్ అంటే లెక్క వేరే. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తాలి, లేదా ముందున్న తోటి ఆటగాడికి విసరాలి. మైదానం వంద గజాలు. మనం ఇళ్ల ప్లాట్లు కొలిచే గజమే, మూడడుగులు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోతే బంతి మన దగ్గరే ఉంటుంది, లేకపోతే అవతలి టీంకి ఇచ్చేయాలి. ఆ చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్, ఆరు పాయింట్లు. మధ్యలో ఎదుటి టీం పదకొండు మంది మీద పడి కింద పడేస్తారు. అందుకే ఈ ఆటలో ముందుగా పోయేవి మోకాళ్లు. ఈ మోకాళ్ల సంగతి కాస్త గుర్తుంచుకోవాలి.

కెన్నీ 1918 ఆగస్టు 31న లాస్ ఏంజెలెస్‌లో పుట్టాడు. తండ్రి ఎడ్గార్‌ను అందరూ బ్లూ వాషింగ్టన్ అని పిలిచేవారు. నల్లవాళ్ల కోసం విడిగా నడిచిన బేస్‌బాల్ లీగ్‌లో ఆడాడు, తర్వాత సినిమాల్లో చిన్న చిన్న వేషాలు వేశాడు. ఇంటి పట్టున ఉండే మనిషి కాదు. పిల్లవాడిని పెంచింది నాయనమ్మ సూసీ, బాబాయి రాకీ. సూసీ ఆ పేటలోని చిన్న పిల్లల బడిలో ఊడ్చి తుడిచే పని చేసేది. ఆ బడిలో చదివిన వాళ్లంతా ఆమెకు మర్యాద ఇచ్చేవారు. రాకీ లాస్ ఏంజెలెస్ పోలీసు శాఖలో యూనిఫాం లెఫ్టినెంట్ స్థాయికి చేరిన తొలి నల్లజాతి అధికారి. కెన్నీకి నిజమైన తండ్రి అతనే అనుకోవచ్చు.

వాళ్లుండే లింకన్ హైట్స్ పేటలో ఎక్కువగా ఇటలీ నుంచి వచ్చిన కుటుంబాలు ఉండేవి. నల్లవాళ్ల ఇళ్లు చాలా తక్కువ. కెన్నీ ఆ పిల్లలతోనే ఆడాడు, వాళ్ల ఇళ్లలోనే తిన్నాడు. చివరికి అతని ఇంగ్లీషులో ఇటాలియన్ యాస వచ్చేసింది. తర్వాత కాలేజీలో కలిసిన దోస్తు వుడీ స్ట్రోడ్‌కు ఆ యాస వింతగా అనిపించేదట. బయటి లోకంలో రంగు ఎంత పెద్ద గోడో ఆ పేటలో పెరిగిన పిల్లవాడికి ఆలస్యంగా తెలిసింది.

లింకన్ హైస్కూల్‌లో అతను రెండు ఆటలు ఆడాడు. ఫుట్‌బాల్‌లో స్కూల్‌ని నగర చాంపియన్‌గా నిలిపాడు, బేస్‌బాల్‌లో కూడా అంతే. నగరంలోని పత్రికలు ఒక స్కూలు పిల్లవాడి పేరు పెద్ద అక్షరాల్లో వేయడం మొదలుపెట్టాయి. అప్పటి రేడియో కార్యక్రమంలోని ఒక పాత్ర పేరు మీద కింగ్‌ఫిష్ అనే ముద్దు పేరు కూడా అప్పుడే వచ్చింది.

అక్కడి నుంచి యూసీఎల్ఏ. దేశంలో చాలా పెద్ద యూనివర్సిటీలు ఆ రోజుల్లో నల్లవాళ్లను టీంలోకి రానిచ్చేవి కావు, రానిచ్చినా ఒక్కరు ఎక్కువే అనుకునేవి. దక్షిణాది కాలేజీలతో ఆడాల్సి వస్తే ఆ ఒక్కరిని కూడా ఇంట్లో వదిలేసి వెళ్లేవి. యూసీఎల్ఏ అప్పటికి కొత్త కాలేజీ, ఊళ్లోనే ఉన్న పాత యూనివర్సిటీ యూఎస్సీని ఓడించాలన్న పట్టుదల దానికి ఉంది. గెలవాలంటే మంచి ఆటగాళ్లు కావాలి. ఆ అవసరమే తలుపు తీసింది. 1939 నాటికి ఆ టీంలో నలుగురు నల్లజాతి ఆటగాళ్లు ఉన్నారు: కెన్నీ, స్ట్రోడ్, రే బార్ట్‌లెట్, ఇంకా జాకీ రాబిన్సన్. అవును, తర్వాత 1947లో బేస్‌బాల్ పెద్ద లీగ్‌లో రంగు గోడ కూల్చిన రాబిన్సనే. ఆ కాలేజీ రోజుల్లో మాత్రం పెద్ద పేరు కెన్నీది.

1937లో యూఎస్సీతో మ్యాచ్ సంగతి ఇప్పటికీ చెప్పుకుంటారు. యూసీఎల్ఏ 19-0తో వెనకబడింది, ఆట అయిపోవచ్చింది. అప్పుడు కెన్నీ పాసులు విసరడం మొదలుపెట్టాడు. అర నిమిషంలోపు రెండు టచ్‌డౌన్లు. అందులో ఒక పాస్ గాలిలోనే 62 గజాలు పోయిందని లెక్క కట్టారు. మ్యాచ్ 19-13తో ఓడిపోయారు కానీ ఆ కాసేపు యూఎస్సీకి చెమటలు పట్టాయి. ఆట అయ్యాక యూసీఎల్ఏ కోచ్ స్పాల్డింగ్ యూఎస్సీ వాళ్ల గది తలుపు తట్టి, కెన్నీ పాసులు విసరడం ఆపేశాడు, ఇక మీరు బయటికి రావచ్చని ఎగతాళి చేశాడని చెబుతారు.

బేస్‌బాల్‌లోనూ తక్కువవాడు కాదు. 1937 సీజన్‌లో అతని బ్యాటింగ్ సగటు .454. బేస్‌బాల్ తెలిసినవాళ్లకు ఈ అంకె ఎంత పెద్దదో తెలుసు. పది సార్లలో మూడు సార్లు సరిగా కొడితేనే మంచి బ్యాటర్ అంటారు. బేస్‌బాల్‌లో రాబిన్సన్ కన్నా కెన్నీనే మెరుగని ఇద్దరి ఆటా చూసిన చాలామంది అనేవారు.

1939 సీజన్‌లో యూసీఎల్ఏ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. ఆరు గెలుపులు, నాలుగు డ్రాలు. మొత్తం 600 నిమిషాల ఆటలో కెన్నీ 580 నిమిషాలు మైదానంలోనే ఉన్నాడు. ఆ కాలంలో ఒకే ఆటగాడు దాడి, డిఫెన్స్ రెండూ ఆడాలి. అంటే దాదాపు విరామం లేదు. అవతలి వాళ్లు కొట్టే దెబ్బలు ఆట కోసమే కొట్టేవి కూడా కావు. కింద పడ్డాక మీద మోకాళ్లు పెట్టి తొక్కడం, మైదానం గీతల మీద వేసిన సున్నం కళ్లల్లో రుద్దడం లాంటివి జరిగాయని స్ట్రోడ్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. కెన్నీ లేచి మళ్లీ ఆడేవాడు.

ఆ సీజన్ చివరి మ్యాచే డిసెంబర్ 9న యూఎస్సీతో జరిగింది. గెలిచిన టీం రోజ్ బౌల్‌కు వెళ్తుంది. స్కోరు 0-0. ఆఖర్లో యూసీఎల్ఏ అవతలి గీతకు నాలుగైదు గజాల దూరం దాకా వచ్చేసింది. చివరి ప్రయత్నం మిగిలింది. కాలితో కొట్టి మూడు పాయింట్లు తీసుకోవాలా, పాస్ విసిరి టచ్‌డౌన్‌కు పోవాలా? ఆటగాళ్లు గుండ్రంగా నిలబడి ఓటు వేసుకున్నారు. పాస్‌కే ఎక్కువ ఓట్లు పడ్డాయి. కెన్నీ విసిరిన బంతిని యూఎస్సీ ఆటగాడు చేత్తో కొట్టేశాడు. మ్యాచ్ డ్రా అయింది, రోజ్ బౌల్‌కు యూఎస్సీ వెళ్లింది. ఓడకుండానే ఓడిన బాధ అది. అయినా జనం లేచి నిలబడ్డారు.

మూడేళ్లలో కెన్నీ పరుగుతో సాధించినవి 1,914 గజాలు. యూసీఎల్ఏలో ఆ రికార్డు 34 ఏళ్లు నిలిచింది. ఇంత ఆడినా దేశవ్యాప్తంగా ప్రకటించే ఉత్తమ ఆటగాళ్ల జాబితాల్లో పెద్ద పేరున్నవి చాలావరకు అతన్ని రెండో టీంలోనే పెట్టాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగే ఈస్ట్-వెస్ట్ మ్యాచ్‌కు పిలవనే లేదు. రేడియో వ్యాఖ్యాత శామ్ బాల్టర్‌కు ఒళ్లు మండింది. దేశంలోకెల్లా మంచి ఆటగాడిని ఒక్క టీం కూడా ఎందుకు తీసుకోలేదో చెప్పాలని ఎన్ఎఫ్ఎల్ యజమానులను ప్రసారంలోనే నిలదీశారు. జవాబు రాలేదు.

నిజానికి ఎన్ఎఫ్ఎల్ మొదటి నుంచీ ఇలా లేదు. 1920లలో ఫ్రిట్జ్ పోలార్డ్ లాంటి నల్లజాతి ఆటగాళ్లు ఆడారు, పోలార్డ్ కోచ్‌గా కూడా పనిచేశాడు. 1933 సీజన్‌లో ఇద్దరు మిగిలారు, జో లిలార్డ్, రే కెంప్. ఆ తర్వాత 12 సీజన్లు ఒక్కరూ లేరు. రూలు పుస్తకంలో ఒక్క వాక్యం కూడా లేదు. పెద్దమనుషుల మధ్య నోటిమాట. అది మాంద్యం జమానా, తెల్లవాళ్లకే పని లేనప్పుడు నల్లవాళ్లకు జీతం ఇస్తే జనం ఊరుకోరన్నది ఒక సాకు. రాసిన రూలైతే కోర్టులో సవాలు చేయొచ్చు, ధర్నా చేయొచ్చు. రాయనిదాన్ని ఎక్కడ పట్టుకుంటారు?

1940 ఆగస్టులో చికాగోలో ఒక మ్యాచ్ జరిగింది. కాలేజీల నుంచి ఎంపికైన టీంకూ ఎన్ఎఫ్ఎల్ చాంపియన్ గ్రీన్ బే ప్యాకర్స్‌కూ మధ్య. ప్యాకర్స్ 45-28తో గెలిచారు, కెన్నీ ఒక టచ్‌డౌన్ చేశాడు. చికాగో బేర్స్ యజమాని జార్జ్ హలాస్ అది చూసి, కొన్నాళ్లు ఇక్కడే ఉండమన్నాడు, మిగతా యజమానులతో మాట్లాడి చూస్తానన్నాడు. కెన్నీ ఎదురుచూశాడు. ఏమీ జరగలేదు. రైలెక్కి ఇంటికి వచ్చేశాడు. అసలు అలాంటి నిషేధమే ఉండేది కాదని హలాస్ చాలా ఏళ్ల తర్వాత అన్నాడు.

అప్పుడు కెన్నీ వయసు 22. ఈ ఆటలో పరుగెత్తేవాళ్లకు 22 నుంచి 27 దాకా బంగారు కాలం. ఆ ఏళ్లన్నీ అతను పశ్చిమ తీరంలోని చిన్న లీగ్‌లో, ఎక్కువ భాగం హాలీవుడ్ బేర్స్ అనే టీంకు ఆడాడు. వుడీ స్ట్రోడ్ కూడా అదే టీం. జీతంతో పాటు గేటు వసూళ్లలో వాటా ఇచ్చేవారు, ఎందుకంటే జనం వచ్చేదే అతని కోసం. మిగతా రోజుల్లో బాబాయి లాగే పోలీసు డ్యూటీ. డబ్బు పరంగా మరీ చెడ్డ బతుకేమీ కాదు. కానీ అక్కడ అతను ఏం చేసినా న్యూయార్క్, చికాగో పత్రికలకు వార్త కాదు. మోకాళ్లు మాత్రం అక్కడే దెబ్బతిన్నాయి. ఒక ఆపరేషన్, తర్వాత ఇంకొకటి. ఆ మోకాళ్ల వల్లే యుద్ధంలోకి తీసుకోలేదు, బదులుగా సైనికులను ఉత్సాహపరిచే బృందంతో విదేశాలకు వెళ్లి వచ్చాడు.

1946 జనవరిలో పరిస్థితి మారింది. ఇది కాస్త వివరంగా చెప్పుకోవాల్సిన విషయం, ఎందుకంటే ఇక్కడ ఎవరి మనసూ మారలేదు, లెక్క మారింది.

క్లీవ్‌లాండ్ రామ్స్ టీం అప్పుడే ఎన్ఎఫ్ఎల్ చాంపియన్. అయినా యజమాని డాన్ రీవ్స్‌కు ఆ ఊళ్లో నష్టాలే. టీంని లాస్ ఏంజెలెస్‌కు తరలించాలనుకున్నాడు. అక్కడ లక్ష మంది పట్టే మైదానం ఒక్కటే, కొలీజియం. 1932 ఒలింపిక్స్‌లో ధ్యాన్‌చంద్, రూప్‌సింగ్‌లున్న మన హాకీ జట్టు అమెరికాను 24-1తో చిత్తు చేసింది కూడా అక్కడే. ఆ స్టేడియం ఎవరి సొంతమూ కాదు. ప్రజల సొమ్ముతో కట్టింది. అద్దెకు ఇవ్వాలంటే నగరం, కౌంటీ, రాష్ట్రం ప్రతినిధులున్న కమిషన్ ఒప్పుకోవాలి.

ఆ కమిషన్ సమావేశానికి నల్లజాతి పత్రికల విలేకరులు వెళ్లారు. లాస్ ఏంజెలెస్ ట్రిబ్యూన్‌లో ఆటల పేజీ రాసే హాలీ హార్డింగ్ లేచి మాట్లాడారు. ఆయన కూడా ఒకప్పటి ఆటగాడే. ఈ స్టేడియానికి నల్లవాళ్లు కూడా పన్ను కట్టారు, ఆ పన్నుతో కట్టిన మైదానంలో వాళ్లను ఆడనివ్వని టీంకు చోటు ఎలా ఇస్తారన్నది ఆయన వాదన. ఎన్ఎఫ్ఎల్‌లో ఒకప్పుడు నల్లవాళ్లు ఆడారన్న చరిత్ర కూడా గుర్తుచేశారు. చివరగా, ఈ ఊరి బిడ్డ కెన్నీ వాషింగ్టన్ ఇంకా బయటే ఎందుకు ఉన్నాడో చెప్పమన్నారు.

రామ్స్ జనరల్ మేనేజర్ చైల్ వాల్ష్ ఇరుకునపడ్డారు. లీగ్‌లో అలాంటి రూలేదీ లేదని చెప్పారు. రూలు లేకపోతే తీసుకోవడానికి అభ్యంతరం ఏముంటుంది? ఇన్నాళ్లూ పెద్దమనుషులకు రక్షణగా ఉన్న ఆ రాయని రూలే ఇప్పుడు వాళ్ల మెడకు చుట్టుకుంది. అర్హత ఉన్న నల్లజాతి ఆటగాళ్లకు అవకాశం ఇస్తామని మాట ఇవ్వాల్సి వచ్చింది. మార్చి 21న కెన్నీతో ఒప్పందం మీద సంతకం పెట్టించారు. స్టేడియం లీజు కోసమే అతన్ని తీసుకున్నామని అప్పటి కోచ్‌లలో ఒకరు తర్వాత ఒప్పుకున్నారు కూడా.

గదిలో తోడు ఎవరు కావాలని అడిగితే కెన్నీ స్ట్రోడ్ పేరు చెప్పాడు. స్ట్రోడ్ మే నెలలో చేరాడు. కొత్తగా పెట్టిన పోటీ లీగ్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ కూడా అదే ఏడాది బిల్ విల్లిస్, మారియన్ మోట్లీలను తీసుకుంది. రాబిన్సన్ బేస్‌బాల్ పెద్ద లీగ్‌లో అడుగుపెట్టింది దీని తర్వాతి ఏడాది. అయినా ప్రపంచానికి గుర్తున్నది రాబిన్సనే. బేస్‌బాల్ అప్పుడు అమెరికా మొత్తానికి ప్రాణం, ఫుట్‌బాల్ ఇంకా అంత కాదు. పైగా రాబిన్సన్ వచ్చింది మంచి ఈడులో, ఆడి చూపించాడు. కెన్నీ వచ్చేసరికి అతనికి 27 దాటింది, మోకాళ్లకు కత్తి గాట్లు ఉన్నాయి.

మొదటి సీజన్‌లో అతనికి దక్కింది 23 పరుగు ప్రయత్నాలే. 114 గజాలు. ఎక్కువసేపు బెంచీ మీదే. ఊళ్లు తిరిగినప్పుడు చికాగోలో టీం దిగిన హోటల్ ఈ ఇద్దరికీ గది ఇవ్వనంది. చేతిలో డబ్బులు పెట్టి వేరే చోట చూసుకోమన్నారు. ఇద్దరూ నల్లవాళ్ల హోటల్‌కు వెళ్లి ఆ రాత్రి జాజ్ సంగీతం వింటూ గడిపారు. సీజన్ అయ్యాక స్ట్రోడ్‌ను తీసేశారు. అతను కెనడా వెళ్లి ఆడాడు, ఆ తర్వాత సినిమాల్లోకి పోయి స్పార్టకస్ లాంటి వాటిలో పేరు తెచ్చుకున్నాడు.

1947లో మాత్రం పాత కెన్నీ కాసేపు కనిపించాడు. చికాగో కార్డినల్స్‌తో మ్యాచ్‌లో బంతి పట్టుకుని 92 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. ఆ ఏడాది చివరికి చాంపియన్ అయిన టీం అది, అల్లాటప్పా టీం కాదు. రామ్స్ క్లబ్‌లో ఆ పరుగు రికార్డు డెబ్బై ఏళ్లు దాటినా చెరగలేదు. ఆ సీజన్‌లో 60 సార్లు పరుగెత్తి 444 గజాలు. అంటే ప్రయత్నానికి 7.4 గజాలు, లీగ్‌లో అందరికన్నా ఎక్కువ సగటు. అరిగిన మోకాళ్లతో, 29 ఏళ్ల వయసులో ఇది.

1948 డిసెంబర్‌లో ఆట మానేశాడు. చివరి మ్యాచ్ రోజున కొలీజియంలోనే కెన్నీ వాషింగ్టన్ డే అని సన్మానం చేశారు. తొమ్మిదేళ్ల క్రితం చప్పట్లు కొట్టిన ఊరే మళ్లీ కొట్టింది. 1950లో న్యూయార్క్ జెయింట్స్ బేస్‌బాల్ టీం శిక్షణ శిబిరానికి వెళ్లి ప్రయత్నించాడు. 31 ఏళ్లు, ఎన్నో ఏళ్లుగా ఆ ఆటకు దూరం. కుదరలేదు. కొన్ని సినిమాల్లో కనిపించాడు, రాబిన్సన్ జీవితం మీద తీసిన సినిమాలో కూడా. తర్వాత వ్యాపార సంస్థలకు, ఒక విస్కీ కంపెనీకి పంపిణీ పనులు చూశాడు. డాడ్జర్స్ బేస్‌బాల్ క్లబ్‌కు కొత్త ఆటగాళ్లను వెతికిపెట్టే పని కూడా చేశాడు.

కెన్నీ తర్వాత ఒక్కో టీం తలుపు తీసింది, చాలా నెమ్మదిగా. అన్నిటికన్నా మొండిగా ఉన్నది వాషింగ్టన్ నగరం టీం, దాని యజమాని జార్జ్ ప్రెస్టన్ మార్షల్. ఆ టీంలో నల్లజాతి ఆటగాడు ఆడింది 1962లో. అది కూడా ఊరికే కాదు. వాళ్ల కొత్త స్టేడియం కేంద్ర ప్రభుత్వ భూమిలో ఉంది. వివక్ష చూపే టీంకు ఆ స్టేడియం ఇవ్వమని కెనడీ ప్రభుత్వంలో మంత్రి స్టూవర్ట్ ఉడాల్ తేల్చి చెప్పాక బాబీ మిచెల్‌ను తెచ్చుకున్నారు. హార్డింగ్ 1946లో లేచి అడిగిన ప్రశ్నే, పదహారేళ్ల తర్వాత మంత్రి నోట.

కెన్నీ నరాలు, రక్తనాళాలను దెబ్బతీసే అరుదైన జబ్బుతో మంచం పట్టాడు. 1971 జూన్ 24న లాస్ ఏంజెలెస్‌లోనే కన్నుమూశాడు. వయసు 52. తాను చూసిన ఫుట్‌బాల్ ఆటగాళ్లలో కెన్నీని మించినవాడు లేడని ఆ ఏడాదే రాబిన్సన్ ఒక పత్రికలో రాశాడు. దేశం మొత్తానికీ తెలిసే అవకాశం దక్కలేదన్న బాధ అతని లోపల ఉండేదని కూడా రాశాడు.

యూసీఎల్ఏ అతని 13వ నంబర్ జెర్సీని ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టింది. కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో 1956లోనే అతని పేరు చేరింది. ప్రొఫెషనల్ హాల్‌లో అతనికి ఆటగాడిగా చోటు దక్కలేదు. ఎన్ఎఫ్ఎల్ రికార్డుల్లో అతని పేరు పక్కన ఉన్నవి మూడు సీజన్లు, 140 పరుగు ప్రయత్నాలు, 859 గజాలు. 1940 నుంచి 1945 దాకా ఆడిన ఆట ఆ లెక్కలో లేదు.